‘పిల్లల్ని వదిలేసి పోయింది’ అనే మాట వెనక: చిత్తూరు సీమలో 150 ఏళ్ల నాటి బిడ్డల తగాదాలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పాత కుటుంబాల్లో వంశవృక్షం రాద్దామని కూర్చుంటే నాలుగో తరం దగ్గరో ఐదో తరం దగ్గరో కలం ఆగిపోతుంది. ముత్తాత పేరు తెలుసు, ఆయన తండ్రి పేరూ తెలుసు. తల్లి పేరు అడిగితే మాత్రం పెద్దవాళ్లు గొంతు తగ్గిస్తారు. “ఆమె మారుమనువు చేసుకుని పిల్లల్ని వదిలేసి పోయిందంట” అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. తర్వాత ఎప్పుడో ఇంట్లో పాత పెట్టె సర్దుతుంటే ఒక డిక్రీ నకలో, రిజిస్టరు చేయించిన రాజీనామానో బయటపడుతుంది. అందులో అదే తల్లి ప్రతివాదిగా కనిపిస్తుంది. బిడ్డ తన దగ్గరే ఉండాలని పోట్లాడినట్టు ఉంటుంది. ఇంట్లో చెప్పుకున్న కథకూ చేతికొచ్చిన కాగితానికీ పొంతన కుదరదు.

ఎవరో కావాలని అబద్ధం చెప్పారనుకోవాల్సిన పని లేదు. ఆ కాలంలో బిడ్డ ఎవరి దగ్గర పెరగాలో తేల్చిన చట్టం, ఆస్తి నియమం, కోర్టు పద్ధతి ఎలా పనిచేశాయో తెలిస్తే ఆ రెండూ ఒకే సంఘటనను రెండు వైపుల నుంచి చెబుతున్నాయని అర్థమవుతుంది.

సంక్షిప్తంగా

ఉమ్మడి కుటుంబంలో మగబిడ్డ ఎవరి చేతిలో ఉంటే అతని వాటా మీద మాట వాళ్లదే. అందుకే పందొమ్మిదో శతాబ్దపు బిడ్డల తగాదాలు ఎక్కువగా భూమి తగాదాల రూపంలోనే కాగితాలకెక్కాయి. వితంతువు మారుమనువు చేసుకుంటే ఆమె స్థానంలో వేరే సంరక్షకుణ్ణి పెట్టమని అడిగే వీలు 1856 చట్టం మొదటి భర్త తరఫువాళ్లకు ఇచ్చింది. జిల్లా కోర్టుకు వెళ్లే దారిని 1861 చట్టం తెరిచింది. బిడ్డ క్షేమాన్ని ముఖ్యమైన కొలమానంగా 1890 చట్టం రాతలో పెట్టింది. పాత కాగితం మీదున్న సంవత్సరం ఈ మూడింటిలో దేనికి ముందు, దేనికి తర్వాత అన్నది చూడకుండా ఆ కాగితాన్ని సరిగా చదవలేం.

బిడ్డ వెంట వాటా

ఊహించి చెప్పే ఉదాహరణే గానీ, చంద్రగిరి తాలూకాలో 1868లో ఒక ఉమ్మడి కుటుంబం ఉందనుకుందాం. అన్నదమ్ములిద్దరు. ఆరెకరాల మాగాణి, ఒక బావి, రెండు జతల ఎడ్లు. తమ్ముడు జ్వరం వచ్చి పోయాడు. అతని భార్యకు ఇరవై రెండేళ్లు, కొడుక్కి నాలుగు.

మద్రాసు ప్రాంతంలో చాలాచోట్ల హిందూ కుటుంబాల ఆస్తికి మితాక్షర అనే శాస్త్ర పద్ధతి నడిచేది. దాని ప్రకారం కొడుకు పుట్టుకతోనే వాటాదారు. తండ్రి పోగానే ఆ నాలుగేళ్ల పిల్లవాడు పెదనాన్నతో సమానంగా సగానికి హక్కుదారు అవుతాడు. తల్లికి మాత్రం వాటా లేదు. ఆమెకు దక్కేది తిండి, బట్ట, ఉండటానికి చోటు. కోర్టు భాషలో మనోవర్తి. వితంతువుకు భర్త ఆస్తిలో హక్కు ఇస్తూ చట్టం రావడానికి 1937 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక పిల్లవాడు ఏ ఇంట్లో పెరుగుతున్నాడన్నది ఎందుకంత ముఖ్యమో చూడండి. పెదనాన్న ఇంట్లో ఉన్నంతకాలం మొత్తం ఆరెకరాల పెత్తనం ఆయనది. పంట లెక్క అడిగేవాళ్లు లేరు. అదే తల్లి బిడ్డను చంకనేసుకుని పుట్టింటికి వెళ్తే లెక్క మారుతుంది. మైనరు వాటాకు నష్టం జరుగుతోందని చూపించగలిగితే అతని తరఫున మేనమామ భాగపరిష్కారం దావా వేయవచ్చు. అంటే మూడెకరాలు విడిపోయే ప్రమాదం పెదనాన్నకు, మూడెకరాల మీద చేయి వేసే అవకాశం మేనమామకు. ఇద్దరూ బిడ్డ మీద ప్రేమతోనే మాట్లాడి ఉండవచ్చు. ఆ ప్రేమ నిజమే కూడా కావచ్చు. కానీ దావా కాగితంలో కనబడేది సర్వే హద్దులు, బావి నీటి వంతు, ఎడ్ల ఖరీదు. బిడ్డ పేరు ‘మైనరు వాది’ అన్న మాట పక్కన ఒక్కసారి వచ్చి ఊరుకుంటుంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. విడిపోని ఉమ్మడి ఆస్తిలో మైనరు వాటాకు విడిగా సంరక్షకుణ్ణి పెట్టే ఆనవాయితీ లేదు. దాన్ని ఇంటి పెద్దే చూసుకోవాలి. అందువల్ల తల్లికి బిడ్డను పెంచే హక్కు దక్కినా బిడ్డ వాటా మీద అజమాయిషీ దక్కేది కాదు. పెంచే చేయి ఒకటి, ఖర్చు పెట్టే చేయి ఇంకొకటి. పాత ఫైళ్లలో “బిడ్డ తిండికి ధాన్యం పంపడం లేదు” అనే రకం ఫిర్యాదు కనిపిస్తే అది ఈ చీలిక నుంచి పుట్టిందే.

1856 చట్టంలో అందరూ దాటేసే సెక్షన్

హిందూ వితంతు పునర్వివాహ చట్టం అనగానే సంస్కరణ గుర్తొస్తుంది. అది న్యాయమే. వితంతువు పెళ్లి చెల్లుతుందని, ఆమెకు పుట్టే పిల్లలు సక్రమ సంతానమేనని 1856లో చట్టం ఒప్పుకుంది. పాఠ్యపుస్తకాల్లో కథ అక్కడితో ఆగుతుంది. వంశవృక్షం వెతికేవాళ్లు చదవాల్సింది ఆ తర్వాతి రెండు సెక్షన్లు.

రెండో సెక్షన్ ప్రకారం మళ్లీ పెళ్లి చేసుకున్న స్త్రీకి మొదటి భర్త ఆస్తిలో ఉన్న మనోవర్తి వంటి హక్కులు పోతాయి. చట్టం లెక్కలో ఆ రోజుతో ఆమె చనిపోయినట్టే. మూడో సెక్షన్ పిల్లల గురించి. చనిపోయిన భర్త వీలునామాలో ఆమెనో ఇంకెవరినో సంరక్షకులుగా రాసి ఉండకపోతే, భర్త తండ్రి, తాత, తల్లి, నాయనమ్మ, లేదా భర్త తరఫు మగ బంధువు ఎవరైనా కోర్టుకు వెళ్లి ఆ పిల్లలకు సంరక్షకుణ్ణి పెట్టమని అడగవచ్చు. కోర్టు ఒప్పుకుంటే తల్లి స్థానంలో ఆ మనిషి వస్తాడు. అలా పెట్టేటప్పుడు కోర్టు ఏ నియమాలు పాటించాలి? తల్లీ తండ్రీ ఇద్దరూ లేని పిల్లల విషయంలో పాటించే నియమాలు. తల్లి పక్క ఊళ్లో బతికే ఉంటుంది. చట్టం ఆ బిడ్డను అనాథ కింద చూస్తుంది.

ఒక రక్షణ మాత్రం పెట్టారు. పిల్లలకు సొంతంగా చాలినంత ఆస్తి లేకపోతే తల్లి ఒప్పుకోవాలి, లేదా కొత్త సంరక్షకుడు వాళ్ల పోషణకూ చదువుకూ పూచీకత్తు ఇవ్వాలి. ఇది మంచిదే అనిపిస్తుంది గానీ ఫలితం చూస్తే విచిత్రంగా ఉంటుంది. ఆస్తి లేని బిడ్డ విషయంలో తల్లి మాటకు విలువ. ఆస్తి ఉన్న బిడ్డ విషయంలో ఆమె ఒప్పుకోలు అక్కర్లేదు. బీద ఇళ్లలో బిడ్డ తల్లితోనే రెండో భర్త ఊరికి వెళ్లిపోయి, నాలుగు సెంట్ల భూమి ఉన్న ఇంట్లో మాత్రం తండ్రి వైపే ఉండిపోవడానికి ఇదొక కారణం అయ్యుండవచ్చు.

చిత్తూరు సీమలో చాలా కులాల్లో మారుమనువు చట్టం రాకముందు నుంచీ ఉన్నదే. మొదటి భర్త పిల్లలు ఆయన వాళ్లకే చెందుతారన్న కట్టడి కూడా ఎన్నో కులాల్లో ఉండేది. మరి ఆచారం ముందే ఒప్పుకున్న చోట ఈ చట్టంలోని హక్కుల రద్దు వర్తిస్తుందా? దీని మీద హైకోర్టులే రెండుగా చీలాయి. మద్రాసు హైకోర్టు 1877లో ఒక కేసులో, కులాచారం ప్రకారం మారుమనువు చేసుకున్నా మొదటి భర్త ఆస్తి మీద హక్కు పోతుందంది. అలహాబాదు హైకోర్టు తర్వాత దీనికి భిన్నమైన దారి పట్టింది. చిత్తూరు మద్రాసు హైకోర్టు కింద ఉంది కాబట్టి ఇక్కడి స్త్రీలకు వర్తించింది కఠినమైన దారి.

ఇప్పుడు “వదిలేసి పోయింది” అన్న మాటను మళ్లీ వింటే వేరేగా వినపడుతుంది. ఆమెకు ఎదురైన ఎంపిక పెళ్లా, బిడ్డా అన్నది. కులపెద్దలూ అదే చెప్పారు, చట్టమూ దాదాపు అదే చెప్పింది. ఏదో ఒకటి వదులుకోక తప్పని చోట ఏది వదులుకున్నా “వదిలేసింది” అనే అంటారు.

చిత్తూరు కోర్టు దాకా ఎవరు రాగలిగారు

ఆ రోజుల్లో తిరుపతి, చంద్రగిరి, చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరే. తగాదా తీర్చే మెట్లు చాలానే ఉన్నాయి. 1816 రెగ్యులేషన్లతో గ్రామ మునసబులకూ, పంచాయతీలకూ చిన్న దావాలు వినే అధికారం వచ్చింది. వాళ్ల పైన జిల్లా మునసబులు, ఆ పైన జిల్లా జడ్జి. 1862లో మద్రాసు హైకోర్టు వచ్చింది.

మైనర్ల విషయంలో అసలు మలుపు 1861లో వచ్చిన తొమ్మిదో నంబరు చట్టం. మైనరుకు బంధువైనా, మేలు కోరేవారెవరైనా జిల్లాలోని ప్రధాన సివిల్ కోర్టులో అర్జీ పెట్టుకుని బిడ్డను తమకు అప్పగించమని గానీ, సంరక్షకుడిగా నియమించమని గానీ అడగవచ్చని అది చెప్పింది. బిడ్డ ఎవరి దగ్గరుంటే వాళ్లు కోర్టుకు తీసుకురావాలని జడ్జి హుకుం ఇవ్వవచ్చు. అంతకుముందు, మారుమనువు సందర్భంలో 1856 చట్టం ఇచ్చిన వీలు తప్ప, ఇలాంటి గొడవ భాగం దావాలోనో మనోవర్తి దావాలోనో దూరి రావాల్సి వచ్చేది. 1861 తర్వాత నేరుగా రాగలిగింది.

రాగలిగింది అన్నది కాగితం మీద. తిరుపతి నుంచి చిత్తూరు 70 కిలోమీటర్లు. ఎద్దుల బండి మీద రావాలి, పూటకూళ్ల ఇంట్లో దిగాలి, వకీలును పెట్టుకోవాలి, స్టాంపు కొనాలి, వాయిదా పడితే మళ్లీ రావాలి. ఇరవై రెండేళ్ల వితంతువు ఒంటరిగా చేయగలిగిన పని కాదది. అందుకే అర్జీలో అర్జీదారు పేరు చోట ఆమె అన్న పేరో తండ్రి పేరో ఉంటుంది. ఇది గమనించకపోతే వంశవృక్షం వెతికేవాళ్లు తప్పుదారి పడతారు. ఎవరో పరాయి ఇంటిపేరు మనిషి తమ ముత్తాత ఆస్తి కోసం దావా వేశాడని కోపం తెచ్చుకుంటారు. ఆ పరాయి ఇంటిపేరు చాలాసార్లు ముత్తాత మేనమామది. అసలు అడుగుతున్నది అతని వెనక నిలబడ్డ తల్లి.

ఇదే గొడవ ఫౌజుదారీ (క్రిమినల్) కాగితాల్లో కూడా తేలవచ్చు. 1862 నుంచి అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి ప్రకారం 14 ఏళ్ల లోపు మగపిల్లవాణ్ణి గానీ, 16 ఏళ్ల లోపు ఆడపిల్లను గానీ న్యాయబద్ధమైన సంరక్షకుడి దగ్గర నుంచి తీసుకుపోతే కిడ్నాప్ నేరం. తిరునాళ్లకని తీసుకెళ్లి బిడ్డను వెనక్కి పంపకపోయినా అవతలివాళ్లు మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు ఇవ్వగలరు. కిడ్నాప్ అన్న మాట చూసి బెంబేలెత్తకుండా ముద్దాయికీ బిడ్డకూ ఏం వరస అన్నది మొదట చూసుకోవాలి.

కోర్టుకు రాని తగాదాలు ఎన్నో ఊళ్లో పెద్దమనుషుల ముందే ముగిసిపోయాయి. వాటికి కాగితం లేదు. కోర్టు రికార్డులో కనబడేది భూమీ, ఖర్చు పెట్టే స్తోమతూ ఉన్న ఇళ్ల కథ మాత్రమే.

ఆడపిల్ల అయితే

ఆనాటి ఉమ్మడి కుటుంబంలో ఆడపిల్లకు వాటా ఉండేది కాదు. కొడుకు లేకుండా ఒక్క కూతురినే వదిలి తండ్రి చనిపోతే అతని భాగం అన్నదమ్ములకే కలిసిపోయేది. అందుకే ఆడపిల్లల విషయంలో భూమి కోసం లాగులాట తక్కువ. గొడవ ఇంకో చోట పుట్టేది: పెళ్లి ఎవరు చేయాలి?

కన్యాదానం చేసే అధికారం వరసగా తండ్రికి, తాతకు, అన్నదమ్ములకు, దగ్గరి జ్ఞాతులకు (తండ్రి వైపు బంధువులకు), చివరగా తల్లికి అని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతుంది. తొమ్మిది నెలలు మోసిన మనిషి వరసలో చివర. ఓలి (పెళ్లికొడుకు వైపు ఇచ్చే డబ్బు) తీసుకునే కులాల్లో ఆ డబ్బు ఎవరి చేతికి వస్తుందన్నది కూడా ఈ ప్రశ్నతో ముడిపడింది. తల్లి మేనరికం అనుకుంటే చిన్నాన్న వేరే సంబంధం తెస్తాడు. ముహూర్తం ఆపమని కోర్టుకు పరుగెత్తుతారు.

పెళ్లయిపోతే ఆ అమ్మాయికి సంరక్షకుడు భర్తే. 1890 చట్టంలో కూడా, భర్త అనర్హుడు కానంతవరకు పెళ్లయిన మైనరు బాలికకు వేరే సంరక్షకుణ్ణి పెట్టకూడదని రాశారు. పదేళ్ల పిల్ల పుట్టింట్లోనే ఉన్నా చట్టం లెక్కలో ఆమె మీద మాట అత్తవారిది.

ఒకే కోర్టు, మూడు ధర్మాలు

చిత్తూరు జడ్జి ముందు నిలబడే ప్రతి కుటుంబానికీ ఒకే నియమం లేదు. హిందువులకు శాస్త్రమూ ఆచారమూ, ముస్లింలకు షరియత్, యూరోపియన్లకు ఇంగ్లీషు చట్టం. 1864 వరకు శాస్త్రం చెప్పడానికి పండితులూ, షరియత్ చెప్పడానికి ఖాజీలూ కోర్టుల్లో అధికారికంగా ఉండేవారు.

ముస్లిం ధర్మంలోని హనఫీ శాఖ పద్ధతిలో పసివయసు పెంపకం తల్లి హక్కు. మగపిల్లవాడికి ఏడేళ్లు వచ్చేదాకా, ఆడపిల్ల పెద్దమనిషి అయ్యేదాకా ఆమె దగ్గరే ఉండాలి. ఆ పిల్లలకు దగ్గరి బంధువు కాని మనిషిని ఆమె పెళ్లి చేసుకుంటే ఈ హక్కు పోతుంది. అప్పుడు కూడా ముందు తల్లి తల్లికి, అంటే అమ్మమ్మకు అవకాశం. ఒకే వీధిలో రెండు ఇళ్లలో ఇద్దరు వితంతువులు ఉంటే, వాళ్ల మతాన్ని బట్టి బిడ్డ దారి వేరయ్యేది.

ఇంగ్లండులో తల్లుల పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉండేదనుకుంటే పొరపాటు. అక్కడ తండ్రి హక్కు ఎంత గట్టిదంటే, 1839 దాకా విడిపోయిన భార్యకు బిడ్డను చూసే హక్కు కూడా లేదు. భర్తతో విడిపోయి ముగ్గురు కొడుకులకు దూరమైన కారొలిన్ నార్టన్ అనే రచయిత్రి పోరాడాక, ఆ ఏడాది వచ్చిన చట్టం ఏడేళ్ల లోపు పిల్లల్ని తనకు ఇమ్మని అడిగే వీలు తల్లికి ఇచ్చింది. 1873లో ఆ వయసు 16కు పెరిగింది. తండ్రి చనిపోతే తల్లి తనంతట తానే సంరక్షకురాలవుతుందని 1886లో గానీ అక్కడ చట్టం చేయలేదు. మారుమనువు చేసుకోని హిందూ వితంతువును బిడ్డకు సహజ సంరక్షకురాలిగా ఇక్కడి కోర్టులు అంతకుముందే గుర్తించేవి. వెనకబాటు ఒక్కచోటి సొత్తు కాదని ఈ పోలిక చూపిస్తుంది.

మదనపల్లె పిల్లల కేసు

ఈ సీమ నుంచి లండన్ దాకా వెళ్లిన బిడ్డల తగాదా ఒకటుంది. అందులో బిడ్డ 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలోది, 1911లో చిత్తూరు జిల్లాలో కలిసింది. తండ్రి జిడ్డు నారాయణయ్య అడయారు దివ్యజ్ఞాన సమాజంలో ఉంటూ, 1910లో కృష్ణమూర్తినీ తమ్ముడు నిత్యానందనూ ఆ సమాజ అధ్యక్షురాలు అనిబిసెంటు సంరక్షణకు అప్పగిస్తూ కాగితం రాసిచ్చారు. తర్వాత మనసు మార్చుకుని పిల్లల్ని తిరిగి ఇప్పించమని 1912లో దావా వేశారు. 1913లో మద్రాసు హైకోర్టు తండ్రి వైపు తీర్పిచ్చింది. 1914లో లండన్‌లోని చివరి అప్పీలు కోర్టు ప్రీవీ కౌన్సిల్ దాన్ని కొట్టేసింది.

ప్రీవీ కౌన్సిల్ చెప్పిన కారణాలు పాత కాగితాలు చదివేవాళ్లకు పనికొస్తాయి. తండ్రి రాసిచ్చిన అప్పగింత ఎప్పుడైనా వెనక్కి తీసుకోదగినదే అని కౌన్సిల్ ఒప్పుకుంది. అయితే పిల్లలు ఇంగ్లండులో ఉంటున్నారు కాబట్టి ఇక్కడ దావా వేసిన పద్ధతి కుదరదంది. పిల్లల క్షేమమూ, వాళ్ల ఇష్టమూ కనుక్కోవలసిందని చెప్పింది. అంతకు డెబ్భై ఏళ్ల ముందు, 1843లో బొంబాయిలో మిషనరీ దగ్గరికి వెళ్లిన శ్రీపత్ శేషాద్రి అనే పన్నెండేళ్ల బ్రాహ్మణ బాలుడి కేసులో కోర్టు తండ్రి హక్కునే చూసి పిల్లవాణ్ణి తండ్రికి అప్పగించింది. ఈ రెండు కేసుల మధ్య మారింది ఒక్కటే: బిడ్డను కూడా అడగాలన్న ఆలోచన.

ఆ ఆలోచన చట్టంలోకి వచ్చింది 1890లో, సంరక్షకుల, పాల్యుల చట్టంతో. మైనరు క్షేమం చూడాలి, వయసు, మతం, సంరక్షకుడి గుణం, బంధుత్వపు దగ్గరితనం చూడాలి, తెలిసి చెప్పగల వయసుంటే బిడ్డ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు అని 17వ సెక్షన్ చెబుతుంది. ఈ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. ఈ రోజు ఫ్యామిలీ కోర్టులో వేసే గార్డియన్ పిటిషన్ కూడా దీని కిందే.

1856 చట్టాన్ని 1983లో రద్దు చేశారు. దాని నీడ మాత్రం చాలాకాలం పోలేదు. 2022 జులైలో సుప్రీంకోర్టు ఒక తెలుగు కుటుంబం కేసులో తీర్పు ఇచ్చింది. భర్త పోయాక ఒక తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. బిడ్డ ఇంటిపేరు మార్చింది. మొదటి భర్త తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. పాత ఇంటిపేరే ఉంచాలని, రికార్డుల్లో రెండో భర్తను సవతి తండ్రిగా చూపాలని హైకోర్టు ఆదేశించింది. సుప్రీంకోర్టు దాన్ని పక్కనపెట్టి, తండ్రి పోయాక తల్లే సహజ సంరక్షకురాలనీ, బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆమెదనీ చెప్పింది. అర్జీ పెట్టిన బంధుత్వం, పెట్టిన కారణం, అన్నీ 1856 నాటి మూడో సెక్షన్‌లో చదివినట్టే ఉంటాయి. తీర్పు ఒక్కటే తిరగబడింది.

కాగితం చేతికొస్తే ఎలా చదవాలి

మొదటి చిక్కు జిల్లా. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకుముందు కాగితాలకు ఉత్తర ఆర్కాటు కింద వెతకాలి. మదనపల్లె, వాయల్పాడు అయితే కడప కింద. సత్యవేడు 1960లో తమిళనాడు వైపు నుంచి వచ్చింది కాబట్టి చెంగల్పట్టు కింద. తిరుపతి జిల్లాలో 2022లో కలిసిన గూడూరు, సూళ్లూరుపేటలకు నెల్లూరు కింద. ఉత్తర ఆర్కాటు పాత జిల్లా రికార్డులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

రెండో చిక్కు సంవత్సరం. కాగితం మీద ‘ధాత సంవత్సరం’ అని మాత్రమే ఉంటే అది 1816 కావచ్చు, 1876 కావచ్చు. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది. మొదటిదైతే మారుమనువు చట్టమే లేదు. రెండోదైతే ధాత కరువు. 1876–78 మధ్య రాయలసీమనూ ఉత్తర ఆర్కాటునూ కుదిపేసిన ఆ కరువులో బిడ్డ చేతులు మారడానికి ఆకలి ఒక్కటే కారణం అయ్యుండవచ్చు. పక్కనే ఫసలీ (శిస్తు లెక్కల ఏడాది) ఉంటే పని సులువు. ఫసలీ అంకెకు 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది: ఫసలీ 1286 అంటే 1876 జులై నుంచి 1877 జూన్ దాకా.

మూడోది వయసు. ఆనాటికి ఊళ్లలో బర్త్ సర్టిఫికెట్ దాదాపు లేదు. హిందూ ధర్మం ప్రకారం 16 ఏళ్లతో మైనారిటీ తీరేది. 1875 చట్టం దాన్ని 18 చేసింది, కోర్టు సంరక్షకుణ్ణి పెట్టిన పిల్లలకైతే 21. అందువల్ల రెండు వైపులా వయసు మీదే కుస్తీ పట్టేవారు. సాక్ష్యంగా జాతకచక్రం పెట్టేవారు. రాసిన జ్యోతిష్కుణ్ణి పిలిచి, ఈ తాటాకు పుట్టినప్పుడే రాశావా, దావా కోసం మొన్న రాశావా అని అడిగేవారు. ఇంట్లో పాత జాతకం దావా కాగితాలతో కలిపి కట్టి ఉందంటే అది ఊరికే అక్కడికి రాలేదు.

నాలుగోది మాటలు. ఇప్పుడు రాజీనామా అంటే ఉద్యోగం మానేయడం. ఆనాటి కోర్టు తెలుగులో రాజీనామా అంటే రాజీ పత్రం. “రాజీనామా ఇచ్చినది” అన్న ముక్క చదివి తల్లి బిడ్డ మీద హక్కు వదులుకుందని అనుకునే అవకాశం ఉంది. రాజీ షరతులు చదివితే వేరే సంగతి తేలవచ్చు: బిడ్డ ఇన్నేళ్లు వచ్చేదాకా తల్లి దగ్గర ఉండాలి, ఏడాదికి ఇన్ని పుట్ల వడ్లు పంపాలి, పండగలకు ఇటు తీసుకురావాలి. ఇప్పుడు కోర్టులు ఇచ్చే విజిటింగ్ హక్కు లాంటిదే.

దత్తత కాగితమైతే ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఆనాటి దత్తతతో బిడ్డ ఇంటిపేరు, గోత్రం మారిపోయేవి, కన్న ఇంటి ఆస్తిలో వాటా పోయేది. కొడుకులు లేక చేసిన దత్తతా, తగాదా తీర్చడానికి చేసిన దత్తతా అన్నది పత్రం తేదీని దావా తేదీతో పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇంట్లో ఏ కాగితమూ దొరకనివాళ్లకు కూడా ఒక దారి ఉంది. రిజిస్ట్రేషన్ చట్టం 1865 జనవరి 1 నుంచి అమలైంది. రిజిస్ట్రారు ఆఫీసుల్లో మనుషుల పేర్లతో ఒక ఇండెక్స్, ఆస్తులతో ఒక ఇండెక్స్ పెడతారు. అందరూ తండ్రి ఇంటిపేరుతో వెతికి, దొరకలేదని తిరిగొస్తారు. వెతకాల్సిన పేర్లు ఇంకో రెండున్నాయి: తల్లి పుట్టింటి పేరు, రెండో భర్త ఇంటిపేరు. రెండో ఊళ్లో ఆమెకు పిల్లలు పుట్టి ఉంటే వాళ్ల వారసులకు ఆమె పేరు తెలిసే ఉంటుంది, ఎందుకంటే ఆ ఇంట్లో ఆ పేరు దాచాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. పత్రం దొరికితే చివరి పేజీ చూడాలి. చదువు రాని స్త్రీ కాబట్టి సంతకం ఉండదు. ఒక అడ్డగీత, ఒక నిలువుగీత. పక్కన రాసిన గుమాస్తా చేతిరాతలో “ఫలానా అమ్మ నిశాని” అని ఉంటుంది. వంశవృక్షంలో ఖాళీగా వదిలేసిన పేరు అక్కడ దొరుకుతుంది.